మక్సున్ ఒళ్ళో సంచులు

బస్సులో సీటు దొరికిన మనిషికి ఒక పని ఉంటుంది. ఎదురుగా నిలబడ్డవాళ్ళ చేతిలో సంచి ఉంటే తీసుకుని తన ఒళ్ళో పెట్టుకోవాలి. వాళ్ళు దిగేటప్పుడు తిరిగి ఇచ్చెయ్యాలి. కొరియాలోని బూసాన్‌లో ఈ సంగతి ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. పేర్లు అడగరు, పెద్దగా మాటలు కూడా ఉండవు. సంచి ఇచ్చినవాళ్ళు పైకమ్మీ పట్టుకుని ఊగుతూ నిలబడతారు, పుచ్చుకున్నవాళ్ళు కునికిపాట్లు పడతారు.

మక్సున్ కునికిపాట్లు పడే రకం కాదు. యాభై ఆరేళ్ళ ఆ మనిషి వంతెన అవతల చేపల మార్కెట్లో ఎండు నెత్తళ్ళు అమ్ముతుంది. ఇల్లు కొండ కొసన, సరిగ్గా బస్సు బయల్దేరే చోట. అందుకని రోజూ ఆమెకు సీటు ఖాయం. ఎడమవైపు మూడోది, కిటికీ పక్కది. అక్కడ కూర్చుని, దుకాణం తెరిచినట్టు ఒడి తెరిచేది. ఎవరైనా మొహమాటపడితే, "ఇలా పడెయ్యమ్మా, మోసినందుకు నీకేమన్నా పతకం ఇస్తారా?" అని లాక్కునేది. ఒక్కోరోజు సంచులు ఆమె గడ్డం దాకా పేరుకునేవి. అప్పుడు మక్సున్ ఎవరికీ కనిపించేది కాదు, అందరికీ వినిపించేది మాత్రం.

ఆమెకు ఒక గొప్ప ఉంది. "ఇరవై ఏళ్ళు! ఇరవై ఏళ్ళలో ఒక్క సంచి మారలేదు. చూడకుండా ఇస్తాను. చెయ్యి పెడితే చాలు, ఎవరిదో చేతికే తెలుస్తుంది." ఈ మాట రోజుకొకసారైనా అనకపోతే ఆమెకు తిన్నది అరగదు. బస్సులో అందరూ విని విని అలవాటుపడ్డారు. ఒక్క తాక్ తప్ప.

తాక్ ఓడల కంపెనీలో గుమాస్తా. సన్నటి మనిషి, లావు కళ్ళజోడు. చేతిలో ఎప్పుడూ నల్లటి తోలు పెట్టె ఒకటి. రెండేళ్ళుగా రోజూ మక్సున్ సీటు ముందే నిలబడుతున్నాడు, రెండేళ్ళుగా ఆ పెట్టెను గుండెలకు హత్తుకునే ఉన్నాడు.

"ఏవయ్యా గుమాస్తా, అందులో నీ గుండెకాయ పెట్టుకున్నావా?" అనేది మక్సున్.

"నా వస్తువు నా దగ్గరే ఉంటే నాకు నిద్ర పడుతుంది," అనేవాడు తాక్.

"బస్సులో నిద్రెందుకయ్యా నీకు?"

"ముక్కూమొహం తెలీనివాళ్ళ చేతిలో పెట్టాక, పోయిందంటే ఎవర్నడగాలి?"

ఆ ఏప్రిల్ పొద్దున కూడా ఇదే భాగోతం మొదలయ్యేదే. కానీ రెండో స్టాపులో ఒక అమ్మాయి ఎక్కింది. ఇరవై, ఇరవై ఒకటి ఉంటాయేమో. చేతివేళ్ళ చివర్లు జిగురు మరకలతో పసుపు పచ్చగా ఉన్నాయి, అంటే బూట్ల ఫ్యాక్టరీ పిల్ల. చేతిలో నీలం గుడ్డసంచి. ఆ సంచిని చూసినా చెప్పొచ్చు. కిందటి పండక్కి ఆ ఫ్యాక్టరీ తన ఆరువేల మందికీ ఒకే రకం నీలం సంచి పంచిపెట్టింది. అప్పటినుంచీ ఊళ్ళో ఎటు చూసినా ఆ సంచే.

మక్సున్ చెయ్యి చాపింది. అమ్మాయి సంచిని వెనక్కి లాక్కుంది.

"వద్దు పిన్నిగారూ, నేనే పట్టుకుంటాను. ఇవాళ పరీక్ష. హాల్ టికెట్ ఇందులోనే ఉంది."

"పరీక్షా? అయితే మరీ ఇవ్వాలి. ఈ తొక్కిడిలో నీ చెయ్యి నొప్పెడితే పెన్సిలెట్లా పడతావ్? ఇలా తే. ఇరవై ఏళ్ళలో ఒక్క సంచి మారలేదు నా దగ్గర."

అమ్మాయి ఇచ్చింది. పేరు మిరన్ అని చెప్పింది. పదమూడో ఏట బడి మానేసి ఫ్యాక్టరీలో చేరిందట. బడి మానేసినవాళ్ళు రాసుకునే పరీక్ష ఇది, ఏడాదికి రెండుసార్లే. ఇప్పటికి రెండుసార్లు దరఖాస్తు పెట్టింది, రెండుసార్లూ మేస్త్రీ సెలవివ్వలేదు. ఈసారి రెండు నెలలు అదనపు షిఫ్టులు చేసి ఈ ఒక్కరోజు సంపాదించుకుంది. ఎనిమిదిన్నరకు పరీక్ష జరిగే బడి గేటు మూసేస్తారు. టికెట్ లేనివాళ్ళను లోపలికి రానివ్వరు.

"జీళ్ళు పెట్టుకున్నావా?" అంది మక్సున్.

"మా గదిలో అక్కలంతా కలిసి కొనిచ్చారు."

"మంచిది. జీడి పంటికి అతుక్కున్నట్టు నువ్వూ ఆ పరీక్షకు అతుక్కుపోవాలి. పొద్దున నాచు చారు గానీ ముట్టలేదు కదా?"

"అమ్మో, ఇవాళా?" అంది మిరన్ కళ్ళు పెద్దవి చేసి. సముద్రపు నాచు జారుతుంది. పరీక్షనాడు దాన్ని ముట్టినవాళ్ళు జారి కిందపడతారని చంటిపిల్లను అడిగినా చెబుతుంది.

మూడో స్టాపులో ఒక పెద్దాయన ఎక్కాడు. మోకాళ్ళదాకా నల్ల రబ్బరు బూట్లు, తాళ్ళు లాగి లాగి మొద్దుబారిన చేతులు. సముద్రంలో పడి లేచినవాడని ఎవరైనా ఇట్టే చెబుతారు. ఆయన చేతిలోనూ అదే నీలం సంచి. కూతురో కోడలో ఫ్యాక్టరీలో చేసి ఉంటుంది. మక్సున్ అడక్కముందే సంచిని ఆమెకు అందించి, "ఆసుపత్రి దగ్గర దిగాలి తల్లీ. నిలువుగా ఉంచు," అన్నాడు.

ఆసుపత్రి స్టాపు వంతెనకు ఇవతలే. అక్కడికి చేరేసరికి మక్సున్ ఒళ్ళో ఆరు సంచులున్నాయి, నోట్లో తాక్ ఉన్నాడు. "చూడవయ్యా, ఈ పెద్దాయన్ని చూసి నేర్చుకో. మారు మాటాడకుండా ఇచ్చాడు," అంటోంది. "అందరూ ఇచ్చారని నేనూ ఇవ్వాలా?" అంటున్నాడు తాక్. బస్సు ఆగింది. పెద్దాయన జనంతో పాటు వెనక తలుపులోంచి బయటపడ్డాడు. మక్సున్ తాక్ మీంచి చూపు తిప్పకుండానే, చేతికి తగిలిన నీలం సంచిని కిటికీలోంచి కిందికి అందించింది. పెద్దాయన అందుకుని తల వంచాడు. కండక్టరమ్మాయి బస్సు వొంటిమీద రెండు చరుపులు చరిచి "రైట్!" అని అరిచింది.

వంతెన మీద ఆ పొద్దున లారీ ఒకటి మొరాయించింది. బస్సు ఒక్కో అడుగూ వేసుకుంటూ దాటేసరికి ఎనిమిదైంది. బడి ఇంక రెండు స్టాపులుందనగా మిరన్, "పిన్నిగారూ, ఒక్కసారి సంచి ఇస్తారా? టికెట్ చూసుకుంటాను," అంది.

"నీ టికెట్‌కు కాళ్ళున్నాయా?" అని నవ్వుతూ ఇచ్చింది మక్సున్.

మిరన్ సంచి తెరిచింది. లోపల తువ్వాలు చుట్టిన పెద్ద ఫ్లాస్కు, ఒక అన్నం డబ్బా, చెంచా. పుస్తకాల్లేవు. పెన్సిళ్ళు లేవు. టికెట్ లేదు. అర్థంకాక ఫ్లాస్కు మూత తిప్పింది. నువ్వులనూనె వాసనతో, వెల్లుల్లి వాసనతో, వేడివేడి ఆవిరి బస్సంతా వ్యాపించింది.

నాచు చారు.

పరీక్షకెళ్ళే పిల్ల చేతిలో నాచు చారు! వెనక సీట్లోని ముసలమ్మ నాలుక కరుచుకుని, మిరన్ చేతిలోంచి ఆ ఫ్లాస్కు లాక్కుని, మూత బిగించి సంచిలో పెట్టి, తన చేతిరుమాలుతో ఆ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే తుడిచింది.

మక్సున్ నెత్తి కొట్టుకుంది. ఇరవై ఏళ్ళ గొప్ప పోయిందని కాదు. ఆ క్షణాన దాని ఊసే తోచలేదు ఆమెకు. రెండు నెలల అదనపు షిఫ్టులు, జిగురు మరకల వేళ్ళు, "నేనే పట్టుకుంటాను" అన్న మాట కళ్ళముందు తిరిగాయి. ఇవ్వనన్న పిల్ల చేతిలోంచి తనే గుంజుకుంది.

"నేను చెప్పలా?" అన్నాడు తాక్. "రెండేళ్ళుగా చెబుతున్నా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"నీ సామెతలు తర్వాత. టైమెంతయింది?"

"ఎనిమిదీ మూడు. ఇప్పుడు వెనక్కెళ్ళి, వంతెన దాటి, ఆయన్ని వెతికి, మళ్ళీ వచ్చేసరికి తొమ్మిదిన్నర. అయిపోయింది."

మిరన్ ఏడవలేదు. అది ఇంకా కష్టంగా ఉంది చూడ్డానికి. సంచి మూతి రెండు చేతులా పట్టుకుని అలా నిలబడిపోయింది.

మక్సున్ ఆలోచించింది. ఆలోచించేటప్పుడు ఆమె నోరు మూసుకుంటుందన్న సంగతి ఆ రోజే బస్సుకు తెలిసింది. తర్వాత ఒళ్ళో మిగిలిన సంచుల్ని సీట్లో దించి, లేచి నిలబడి, మార్కెట్లో బేరం తెంచినట్టు తెంచి చెప్పింది.

"విను పిల్లా. నాచు చారు ఎవరికి తీసుకెళ్తారు? బాలింతకు. ఆ పెద్దాయన కూతురు ఆసుపత్రిలో కని ఉంటుంది. అక్కడికెళ్ళగానే ఏం చేస్తాడు? చారు పొయ్యడానికి సంచి తెరుస్తాడు. తెరిస్తే నీ టికెట్ కనిపిస్తుంది. దానిమీద నీ ఫోటో ఉంది కదా? బడి పేరుంది కదా? కళ్ళున్నవాడు పరుగెత్తుకొస్తాడు. ఒకవేళ తెరవలేదనుకో, అక్కడే కూర్చుని ఉంటాడు. నేనెళ్ళి లాక్కొస్తాను. ఎటు తిరిగీ నీ టికెట్ నీ గేటు దగ్గరికే వస్తుంది. నువ్వు అక్కడికెళ్ళి నిలబడు. కదలకు."

"వస్తాడని ఏమిటి నమ్మకం?" అన్నాడు తాక్. "ఆయన కూతురు మంచం మీదుంది. పసిబిడ్డ ఉంది. ఎవరో పిల్ల పరీక్ష ఆయనకెందుకు? సంచి పక్కన పడేసి, సాయంత్రం పోలీసులకిస్తాడు. మంచివాడైతే."

"వస్తాడు."

"నీకాయన తెలుసా?"

"తెలీదు. అయినా వస్తాడు."

మిరన్ అప్పుడు నోరు విప్పింది. "నాకోసం ఎవరొస్తారు పిన్నీ? పదమూడో ఏట నుంచీ నాకోసం ఎవరూ ఏ గేటు దగ్గరికీ రాలేదు." ఫిర్యాదులా కాదు, ఉన్నమాట చెబుతున్నట్టే అంది.

మక్సున్ ఆ పిల్ల గడ్డం పట్టుకుని పైకెత్తింది. "ఇవాళ వస్తారు. నేను చెబుతున్నానా లేదా? ఏమ్మా, అందరూ గుడ్లప్పగించి చూస్తారేంటి, ఈ పిల్లకు పెన్సిల్ ఉందా అసలు?"

అంతే, బస్సు కదిలింది. అంటే చక్రాలు కాదు, మనుషులు. బడిపిల్లల పెన్సిల్ పెట్టెలు తెరుచుకున్నాయి. మూడు పెన్సిళ్ళు, రెండు రబ్బర్లు చేతులు మారుతూ ముందుకొచ్చాయి. ఎవరో తన చేతిగడియారం విప్పి మిరన్ మణికట్టుకు కట్టేశారు. కండక్టరమ్మాయి తలుపులోంచి సగం బయటికి వేలాడుతూ, ఎదురుగా ఖాళీగా వస్తున్న బస్సును చెయ్యూపి ఆపింది. స్టాపు కాని చోట ఆపడం తప్పు. రెండు బస్సుల డ్రైవర్లూ పక్కకు తిరిగి, చూడనట్టు నటించారు.

"ఓ అక్కా!" అని అరిచింది అవతలి కండక్టరమ్మాయితో. "ఈ పిన్నిని ఆసుపత్రి దగ్గర దింపు. మధ్యలో ఎక్కడా ఆపకు. కథ తర్వాత చెప్తా!"

మక్సున్ నీలం సంచిని చంకలో పెట్టుకుని ఈ బస్సు దిగి ఆ బస్సెక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే మిరన్ మొహం కనిపిస్తుంది. అది కనిపిస్తే తన మొహంలో ఏముందో ఆ పిల్లకు తెలిసిపోతుంది.

ఖాళీ బస్సులో ఒంటరిగా కూర్చున్నాక మాత్రం భయం వేసింది. తాక్ చెప్పినదాంట్లో తప్పేముంది? బిడ్డను కన్న కూతురిని వదిలి, ఎవరో పిల్ల కోసం ఎవడు పరుగెత్తుతాడు? తనైతే పరుగెత్తేదా? పరుగెత్తేదాన్నే అనుకుంది మక్సున్. నేనెళ్తే ఆయనెందుకు వెళ్ళడు? ఆ ఒక్క ముక్క పట్టుకుని వంతెన దాటింది.

ఆసుపత్రిలో కాన్పుల వార్డు మూడో అంతస్తులో ఉంది. తలుపు దగ్గర నర్సు అడ్డొచ్చింది.

"చుట్టాలకే లోపలికి. ఎవరికి చుట్టం మీరు?"

"ఈ చారు ఎవరు తాగాలో వాళ్ళకి."

"పేరేంటి?"

"అది కనుక్కోడానికేగా వచ్చాను. గడియారం చూశావా? నువ్వు నన్నాపిన కొద్దీ ఇది చల్లారుతోంది. బాలింతకు చల్లటి చారు పొయ్యమంటావా, నర్సువి కదా నువ్వు?"

నర్సు పక్కకు తప్పుకుంది. మక్సున్ వార్డు మధ్యలో నిలబడి ఆరు మంచాలకూ వినపడేట్టు అడిగింది. "నల్ల రబ్బరు బూట్లు, ఇంత లావు చేతులు. ఆ పెద్దాయన ఎవరి నాన్న?"

కిటికీ పక్క మంచంలోంచి ఒక బాలింత చెయ్యెత్తింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పక్కన గుడ్డల్లో చుట్టిన బిడ్డ ఆదమరిచి నిద్రపోతోంది. ఆమె పేరు హేసుక్.

"మీ నాన్న ఎక్కడమ్మా?"

"వెళ్ళిపోయాడు." హేసుక్ దుప్పటి అంచుతో కళ్ళు ఒత్తుకుంది. "వచ్చాడు, కూచోను కూడా లేదు. సంచి తెరిచాడు, ఏదో కాగితం తీసి కళ్ళ దగ్గర పెట్టుకుని చదివాడు. సంచి పట్టుకుని ఒకటే పరుగు. బిడ్డ మొహమైనా చూడలేదు. నేను పుట్టినప్పుడూ ఓడ మీదే ఉన్నాడు. అమ్మ పోయినప్పుడూ ఓడ మీదే. ఇప్పుడు ఒడ్డున ఉండి కూడా, పిన్నిగారూ, నేను కన్ననాడు కూడా…"

మక్సున్ మంచం అంచున కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆగలేకపోయింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. హేసుక్‌కు ఒళ్ళు మండింది.

"ఎందుకు నవ్వుతున్నారు? ఎవరు మీరసలు?"

"మీ నాన్న లేడు కదా, అందుకమ్మా! ఇక్కడ లేడంటే అక్కడున్నాడు!" అని, మక్సున్ మొదట్నుంచీ చెప్పుకొచ్చింది. బస్సు, నీలం సంచులు, ఆ పిల్ల, గేటు. చివరికి, "మార్చింది నేనే. నాదే తప్పు. గొప్పలకు పోయి చూడకుండా ఇచ్చేశాను," అంది. తన తప్పును ఆమె పైకి ఒప్పుకోవడం అదే మొదలు. చెప్పాక అనుకున్నంత కష్టంగా అనిపించలేదు.

హేసుక్ తలుపు వంక చూసింది. "వంతెన అవతలికా? పరుగెత్తా?" అంది చివరికి. "ఆయన మోకాలు బాగోదు."

"రబ్బరు బూట్లతో మరీ కష్టం. ఇదిగో, తాగు."

హేసుక్ రెండు చెంచాలు తాగి మొహం అదోలా పెట్టింది. మక్సున్ ఒక చెంచా రుచి చూసింది. సముద్రాన్ని యథాతథంగా ఫ్లాస్కులో పోసినట్టుంది.

"ఆయనే వండాడా?"

"జన్మలో మొదటిసారి," అంది హేసుక్. గిన్నె వదల్లేదు. ముక్కు ఎగబీలుస్తూ ఒక్కో చెంచా తాగింది.

గోడగడియారం ఎనిమిదిన్నర దాటింది. ఇద్దరూ దానివంకే చూస్తున్నారు. ఆయన బయల్దేరాడని తెలుసు, చేరాడో లేదో తెలీదు. ఎనిమిది నలభై. తొమ్మిది. "చేరే ఉంటాడు," అంది మక్సున్. చేతులు మాత్రం నడుముకు కట్టుకున్న మార్కెట్ గుడ్డ అంచును పిండేస్తున్నాయి.

తొమ్మిదీ పావుకు రబ్బరు బూట్ల చప్పుడైంది. పెద్దాయన లోపలికొచ్చాడు. పేరు దల్సు. కుంటుతున్నాడు. చేతులు ఖాళీ. ప్యాంటు వెనకంతా తడిసి నీళ్ళు కారుతున్నాయి. మక్సున్ లేచి నిలబడింది.

"అందింది," అన్నాడు దల్సు.

మక్సున్ మళ్ళీ కూర్చుంది.

"వంతెన మీద బస్సులన్నీ నిలబడిపోయున్నాయి," అన్నాడాయన కూతురివంక దొంగచూపులు చూస్తూ. "పరుగెత్తుతుంటే ఐసు మోసే ఆయన సైకిలాపి ఎక్కమన్నాడు. వెనకాల ఐసు దిమ్మ. దానిమీదే కూచున్నా. ఎందుకెళ్తున్నావని కూడా అడగలేదు, తొక్కుతూనే ఉన్నాడు. అయినా ఆలస్యమే అయింది. ఎనిమిదిన్నర దాటి నాలుగు నిమిషాలు."

"మరి గేటు?" అంది మక్సున్.

"మూసేవాళ్ళే. ఎవరో ఒకాయన మూయనివ్వలేదు. సన్నటి మనిషి, లావు కళ్ళజోడు. రెండు ఇనప తలుపుల మధ్యలో తన నల్ల పెట్టె అడ్డం పెట్టేశాడు. కాపలావాడు లాగుతున్నాడు, ఈయన వదలడు. 'నీ గడియారం ముందుకుంది, నా గడియారం ఓడల కంపెనీది, దీన్ని చూసే ఓడలు బయల్దేరతాయి' అని ఒకటే వాదన. ఆ పిల్ల పక్కనే నిలబడి ఉంది. పెట్టె నలిగిపోతున్నా వదల్లేదాయన. ఆ పిల్ల తండ్రేమో అనుకున్నాను."

తాక్ ఆఫీసు ఇంకా నాలుగు స్టాపుల అవతల. ఆయన ఆ బడి దగ్గర దిగాల్సిన పనే లేదు.

"నాన్నా," అంది హేసుక్. "ముందు ఇటు రా. నీ మనవడు."

దల్సు తడి ప్యాంటు చేతులతో తుడుచుకుని, ఆ చేతుల్ని చొక్కాకు తుడుచుకుని, మంచం దగ్గరికెళ్ళాడు. ముప్పై ఏళ్ళు వలలు లాగిన ఆ చేతులు బిడ్డను ఎత్తుకోవడానికి భయపడ్డాయి. ఒక వేలు మాత్రం చాపాడు. బిడ్డ దాన్ని పట్టుకుంది.

"చారు ఎలా ఉంది?" అని అడిగాడు కూతురిని.

"బాగుంది నాన్నా."

"అబద్ధం," అంది మక్సున్. "సాయంత్రం మార్కెట్‌కు రండి. నెత్తళ్ళిస్తాను. వాటితో కాచి, ఉప్పు సగానికి సగం తగ్గించండి. రేపు మీ అమ్మాయి నోట నిజమే వస్తుంది."

దల్సు అప్పుడు గుర్తొచ్చినట్టు చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. అందులో సగం విరిచిన జీడి. "ఆ పిల్ల ఇచ్చింది. లోపలికి పరుగెత్తుతూ మళ్ళీ వెనక్కొచ్చింది. బస్సులో పిన్నికి ఇవ్వమంది. సగం తను తింటానంది."

మక్సున్‌కు పైవరస కట్టుడు పళ్ళు. జీడి తినకూడదని పళ్ళ డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ ముక్కను అలాగే నోట్లో వేసుకుంది. అది పళ్ళకు పట్టేసి, ఎంత తిప్పినా ఊడలేదు. ఆ పిల్ల కోసం ఇంతకన్నా మంచి శకునం ఏముంటుందని, నోరు కదపలేక, హేసుక్ చెయ్యి పట్టుకుని ఊపుతూ కళ్ళతోనే నవ్వింది.

మర్నాడు పొద్దున బస్సులో మక్సున్ తన సీట్లో కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. రెండో స్టాపులో జనం ఎక్కారు. ఆమె చెయ్యి చాపలేదు. మూడో స్టాపులోనూ చాపలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆమె ఒడి మొదటిసారి ఖాళీగా ఉంది. ఎవరైనా ఇస్తే తీసుకుంటుంది, కానీ ఇకమీదట అడిగే మొహం తనకు లేదనుకుంది.

టప్పుమని ఏదో ఒళ్ళో పడింది. నల్లటి తోలు పెట్టె. ఒక పక్క లోపలికి సొట్టపోయి, మూత సరిగా మూసుకోక, తాడుతో కట్టి ఉంది. లోపల అన్నం డబ్బా తప్ప మరేమీ లేనట్టు గలగలమంది.

తలెత్తి చూసింది. తాక్ పైకమ్మీ పట్టుకుని, ఆమె వంక కాకుండా కిటికీ వంక చూస్తున్నాడు.

"ఏవయ్యా," అంది మక్సున్. "ఇస్తున్నావు సరే. మారిపోతే?"

"మారితే ఏం," అన్నాడు తాక్. "ఎవరో ఒకరు తెచ్చిస్తారు."

మక్సున్ ఆ పెట్టెను నిలువుగా సర్దుకుంది. తర్వాత పక్కన నిలబడ్డావిడ చేతిలోని కూరల సంచిని పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. "ఇలా పడెయ్యమ్మా. ఇరవై ఏళ్ళలో ఒక్కసారే మారింది నా దగ్గర."